ఎముకతో పళ్ళు తెల్లబడ్డాయి సరే, చిగురు కింద సంగతేంటి?

ప్రశ్న: మా కుక్కకి ఆరేళ్ళు, బరువు 11 కిలోలు. ఏడాదిగా నోరు బాగా కంపు కొడుతోంది, వెనక పళ్ళకి గోధుమరంగు గార పట్టింది. డాక్టరుగారు మత్తు ఇచ్చి, ఎక్స్‌రేలు తీసి శుభ్రం చేయాలన్నారు. మత్తు అంటే నాకు చచ్చేంత భయం. పొద్దున వాకింగ్‌లో కలిసే ఒకాయన తన కుక్కకి అన్నీ పచ్చివే పెడతారు, మాంసం, ఎముకలు, లివరు. దాని పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. ప్యాకెట్ తిండి వల్లే మీ కుక్క పళ్ళు ఇలా అయ్యాయన్నారు. ఆయన మాట విని నాలుగు నెలల క్రితం ప్యాకెట్ మానేసి ఉడికించిన చికెన్, అన్నం, కాస్త క్యారెట్ పెడుతున్నాం. ఇప్పుడు పచ్చి ఎముకలు కూడా మొదలుపెడదామా అనుకుంటున్నాం. మత్తు లేకుండానే గార గీకేసేవాళ్ళు ఉన్నారని కూడా విన్నాను. ఇంట్లో పది నెలల పాప ఉంది, ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. డాక్టరు చెప్పినట్టు పళ్ళు శుభ్రం చేయించండి, మత్తుతోనే. పచ్చి ఎముకల ఆలోచన మానుకోండి. ఆ చికెన్-అన్నం గిన్నెని ఈ వారంలోనే సరిచేయండి. మీరు మొదటి రెండింటి గురించే అడిగారు, మూడోదాన్ని ఏదో మామూలు సంగతిలా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ వాక్యమే.

నేను డాక్టర్ని కాదు. పాతికేళ్ళుగా కుక్కల్ని పెంచుతున్నాను, వాటి నోళ్ళ విషయంలో చేయదగ్గ తప్పులన్నీ దాదాపు చేసేశాను. వాటిలో ఒకటి కింద చెప్తాను, అది మీ వాకింగ్ స్నేహితుడి కథకి దగ్గరగానే ఉంటుంది.

కంపుతో మొదలుపెడదాం. కుక్క నోరన్నాక ఆమాత్రం వాసన రాదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. రాదండీ. ఆరోగ్యంగా ఉన్న నోటికి తిన్న తిండి వాసన కాసేపు ఉంటుందేమో గానీ, పక్కన కూర్చుంటే మొహం తిప్పుకునేంత కంపు ఉండదు. ఆ కంపు పళ్ళకీ చిగుళ్ళకీ మధ్య సందుల్లో పేరుకున్న బాక్టీరియాది. తిన్నాక కొన్ని గంటలకే పంటి మీద జిగటగా పాచి పడుతుంది. ఆ పాచిని తుడవకపోతే లాలాజలంలో ఉన్న ఖనిజాలు అందులోకి చేరి రెండు మూడు రోజుల్లో రాయిలా గట్టిపడుతుంది, అదే గార. కుక్క లాలాజలానికి మనకన్నా క్షారగుణం ఎక్కువ, అందుకే వాటికి మనలా పళ్ళు పుచ్చిపోవడం అరుదు, గార మాత్రం మనకన్నా తొందరగా పడుతుంది. వారానికోసారి బ్రష్ చేస్తున్నాం కదా అనేవాళ్ళకి నేను ఈ లెక్కే చెప్తాను, మీరు బ్రష్ పట్టుకునే సరికి అది పాచి దశ దాటిపోయి గార అయి కూర్చుంటోంది, గారని బ్రష్ ఏమీ చేయలేదు.

ఇంకో మాట. గార చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి అదే జబ్బు అనుకుంటాం. అసలు నష్టం జరిగేది చిగురు అంచుకి కింద, మనకి కనిపించని చోట. అక్కడ పాచి చేరి చిగురు వాస్తుంది, పంటిని పట్టుకుని ఉన్న తంతువులు తెగుతాయి, చివరికి దవడ ఎముకే అరిగిపోతుంది. చిగురు వాపు వరకైతే వెనక్కి తిప్పుకోవచ్చు, పోయిన ఎముక మాత్రం మళ్ళీ మామూలుగా రాదు. మూడేళ్ళు దాటిన కుక్కల్లో ఎక్కువ వాటికి ఎంతో కొంత ఈ బాధ ఉంటుంది, చిన్న జాతి కుక్కలకి మరీను, చిన్న దవడలో అన్ని పళ్ళూ ఇరుక్కుని ఉంటాయి కాబట్టి. పెద్ద కుక్కకైనా చిన్న కుక్కకైనా 42 పళ్ళే మరి.

ఈ రాత్రి ఒక పని చేయండి. కుక్క పడుకుని మగతగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, నోరు తెరవకుండానే పై పెదవిని మాత్రం బొటనవేలితో వెనక్కీ పైకీ జరపండి. కోర కనిపిస్తుంది, దాని వెనక చిన్న పళ్ళు మూడు, ఆ తర్వాత ఒక్కసారిగా పెద్ద పన్ను ఒకటి, కొండ శిఖరంలా. అది పై దవడలో నాలుగో ముందు దవడ పన్ను, కింది దవడ పెద్ద పన్నుతో కలిసి కత్తెరలా మాంసాన్ని కోసేది అదే. లాలాజలం వచ్చే గొట్టం సరిగ్గా దాని ఎదురుగా తెరుచుకుంటుంది, అందుకే గార మొదట అక్కడే, ఎక్కువగా అక్కడే పడుతుంది. మీరు చూడాల్సింది పంటి రంగు ఒక్కటే కాదు, పన్ను చిగురులోకి దిగే అంచు. అక్కడ సన్నటి ఎర్ర గీత ఉందా? దూది తాకిస్తే రక్తం అంటుతోందా? రెండో వైపు కూడా చూడండి. ఒక వైపు గార బాగా ఎక్కువ, రెండో వైపు తక్కువ ఉంటే, గార ఎక్కువ ఉన్న వైపు నొప్పిగా ఉండి మీ కుక్క అటు నమలడం మానేసిందేమో అని అనుమానించాలి. తింటోంది కదా, నొప్పి ఉంటే తినదు కదా అనకండి. కుక్కలు పన్ను విరిగినా తింటాయి, చీము పట్టినా తింటాయి. ఇటు తినేది అటు తింటాయి, నమిలేది మింగేస్తాయి, అంతే తేడా.

ఇప్పుడు నా కథ. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర ఒక గోధుమరంగు కుక్క ఉండేది, మహా తిండిపోతు. నేనూ మీ స్నేహితుడిలాగే ఎవరో చెప్పగా విని వారానికి రెండు పచ్చి కాలి ఎముకలు ఇచ్చేవాణ్ణి, లోపల మూలుగ ఉండే లావుపాటివి. రెండు నెలల్లో దాని పళ్ళు మెరిసిపోయాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాని పెదవి ఎత్తి మరీ చూపించేవాణ్ణి. ఒకరోజు అది ఎముక నములుతుంటే లోపలి గదిలోకి వినిపించేలా టప్‌మని చప్పుడైంది. ఎముక విరిగిందనుకున్నాను. అది ఒక్క క్షణం ఆగి, తల పక్కకి వంచి, మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. నేనూ నా పనిలో పడ్డాను. ఏడెనిమిది నెలల తర్వాత దాని కుడి కన్ను కింద ఉసిరికాయంత వాపు. ఏ పురుగో కుట్టిందనుకుని రెండు రోజులు చూశాను, మూడో రోజు వాపు చిట్లి చీము వచ్చింది. ఎక్స్‌రేలో తేలిందేమిటంటే నేను పైన చెప్పిన ఆ పెద్ద పన్నే, బయటివైపు పలకలా ఊడిపోయి ఉంది, లోపలి నరం తెరుచుకుని, ఆ పంటి మూడు వేళ్ళ (మూలాల) చివరా చీము గూడు కట్టింది. ఆ వేళ్ళు కంటి కిందకే చేరతాయి కాబట్టి వాపు అక్కడ తేలింది. అంటే ఆ టప్ చప్పుడు ఎముకది కాదు. పన్ను తీసేశారు. పది రోజుల తర్వాత, ఎప్పుడో ఆడటం మానేసిన పాత బంతిని మంచం కింద నుంచి వెతుక్కుని తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. వయసు మీద పడి ఆటలు మానేసిందనుకున్నాను నేను, అన్నాళ్ళూ.

కాబట్టి మీ స్నేహితుడు అబద్ధం చెప్పడం లేదు. పచ్చి ఎముకలు గారని గీకేస్తాయి, అది నిజం. బీగిల్ కుక్కలకి పచ్చి పశువుల ఎముకలు ఇచ్చి చూసిన పరిశోధనలో కొద్ది రోజుల్లోనే గార బాగా తగ్గింది. కానీ వాళ్ళు కొలిచింది పైకి కనిపించే గారని. అడవిలో పచ్చి మాంసం, ఎముకలు తప్ప ఇంకేదీ ఎరగని ఆఫ్రికా అడవి కుక్కల పుర్రెల్ని 1999లో పరీక్షించి చూస్తే గార దాదాపు లేదు, కానీ నూటికి 41 పుర్రెల్లో చిగుళ్ళ జబ్బు ఆనవాళ్ళున్నాయి, దాదాపు సగం పుర్రెల్లో విరిగిన పళ్ళున్నాయి. ముత్యాల్లాంటి పళ్ళ కింద ఇదీ కథ. పచ్చి ఎముక విరగదు, ఉడికించిందే విరిగి గుచ్చుకుంటుంది అని ఒక వాదన ఉంది. ఉడికించిన ఎముక ఇంకా ప్రమాదమనే మాట నిజమే, పేగుల్లో సూదుల్లా దిగుతుంది. అంతమాత్రాన పచ్చిది క్షేమం అయిపోదు, పచ్చి ముక్కలూ గొంతులో, పేగులో అడ్డంపడతాయి, మలం సుద్దలా గట్టిపడి కుక్క ముక్కీ మూలిగీ నానా అవస్థ పడుతుంది.

నమలడానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే రెండు పరీక్షలు చేయండి. దాన్ని గోటితో గట్టిగా నొక్కండి, గోరు దిగి కాస్తయినా గుంట పడాలి. పడకపోతే దాన్నే మోకాలి చిప్ప మీద ఒకటేసుకోండి, అబ్బా అనిపిస్తే అది కుక్క పంటికీ అబ్బా అనిపించేదే. ఈ లెక్కన దుప్పి కొమ్ములు, గిట్టలు, లావు ఎముకలు, ఐసు ముక్కలు అన్నీ అవతలకే. టెన్నిస్ బంతి మెత్తగానే ఉంటుంది గానీ దాని పైనున్న నూగుకి మట్టి పట్టి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది, విసిరి తెప్పించడానికి పరవాలేదు, గంటల తరబడి నమలడానికి పనికిరాదు.

మత్తు లేకుండా గీకడం గురించి. వద్దు. అమెరికాలో పశు దంతవైద్య నిపుణుల సంస్థ ఏవీడీసీ దీన్ని సూటిగా వ్యతిరేకిస్తుంది, ఆ సంస్థ మాట పక్కనపెట్టి మీరే ఆలోచించినా అర్థమవుతుంది. మెలకువగా ఉన్న కుక్క నోట్లో పదునైన పరికరం పెట్టి చిగురు కిందకి దించగలరా? పళ్ళ లోపలివైపు, నాలుక పక్కన, గీకగలరా? అది కదలకుండా ఎక్స్‌రే తీయగలరా? ఏదీ కుదరదు, కుదిరేది బయటికి కనిపించే గారని ఊడగొట్టడం ఒక్కటే. గీకిన పంటికి పాలిష్ పెట్టకపోతే సన్నని గీతలు మిగులుతాయి, వాటిలో పాచి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటంటే మీకు తృప్తి కలుగుతుంది. పళ్ళు తెల్లగా కనిపిస్తాయి, ఇంకో రెండేళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళరు, కింద ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. ఎముకలు నమిలించడంలోనూ, మత్తు లేకుండా గీకించడంలోనూ నాకు కనిపించే చిక్కు ఒకటే, రెండూ గోడకి సున్నం కొడతాయి, పునాది సంగతి పట్టించుకోవు.

మత్తు భయం మాత్రం తీసిపారేయాల్సింది కాదు. నాకూ ఉంది, ప్రతిసారీ ఉంటుంది, వాటిని లోపలికి తీసుకెళ్తుంటే కాళ్ళు వణుకుతాయి. ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చుకుని వెళ్ళండి. మత్తుకి ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీ, లివర్ చూస్తారా? గుండె చప్పుడు విన్నారా? గొంతులో గొట్టం వేస్తారా (వేయాలి, నోట్లో చిమ్మే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేది ఆ గొట్టమే)? సెలైన్ పెడతారా? బీపీ, ఆక్సిజన్, ఒంటి వేడి ఇవన్నీ చూస్తూ ఉండటానికే ఒక మనిషి ఉంటారా, లేక పళ్ళు గీకేవాళ్ళే ఆ పని కూడా చేస్తారా? ఎక్స్‌రే నోరంతా తీస్తారా, అనుమానం ఉన్న పంటికేనా? నోరంతా తీయమనండి, పైకి బాగానే కనిపించే పళ్ళ కిందే దొంగలుంటారు. ఏ పన్నయినా తీయాల్సివస్తే మధ్యలో ఫోన్ చేస్తారా అని కూడా అడిగి పెట్టుకోండి. ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పే చోట చేయించండి. విసుక్కుంటే ఇంకో చోటు చూసుకోండి. ఆరేళ్ళు అంటే ముసలితనం కాదు, ఇప్పుడు భయపడి వాయిదా వేస్తే ఇదే మత్తు పదకొండేళ్ళ వయసులో, చెడిన పళ్ళు ఇంకో నాలుగు చేరాక ఇవ్వాల్సివస్తుంది.

పచ్చి మాంసం సంగతి. తోడేలు తింటుంది కాబట్టి కుక్క తినాలి అనే వాదన వినడానికి బాగుంటుంది. 2013లో వచ్చిన జన్యు పరిశోధన ఒకటి ఏం చెప్పిందంటే, పిండి పదార్థాన్ని జీర్ణం చేసే ఒక జన్యువు తోడేళ్ళకి మామూలుగా రెండు ప్రతులే ఉంటే కుక్కలకి నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మన పక్కన బతకడం మొదలుపెట్టాక వాటి కడుపు కూడా మన గిన్నెకి అలవాటు పడిందన్నమాట. సరే, అది వదిలేయండి, ఎవరి నమ్మకం వాళ్ళది. నన్ను ఆపేది మీ పాప. ఎఫ్‌డీఏ, అదే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, 2010 నుంచి 2012 వరకు చేసిన పరీక్షల్లో పెంపుడు జంతువుల కోసం అమ్మే పచ్చి ఆహారం 196 నమూనాలు చూస్తే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా దొరికాయి. ఫ్రీజర్లో పెడితే చస్తాయనుకుంటారు, చావవు, నిద్రపోతాయి. కుక్కకి ఏమీ కాకపోవచ్చు, చక్కగా తోక ఊపుతూ తిరుగుతూనే మలంలో ఆ బాక్టీరియాని రోజుల తరబడి వదులుతుంటుంది, అదే నోటితో ఒళ్ళు నాకుకుంటుంది, అదే నోటితో పాప చెయ్యి నాకుతుంది, పాప ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. మీరు వంటగది ఎంత కడిగినా ఈ దారిని మూయలేరు. అమెరికా పశువైద్యుల సంఘం ఏవీఎంఏ 2012లోనే కుక్కలకీ పిల్లులకీ పచ్చి మాంసం పెట్టొద్దని విధానంగా ప్రకటించింది. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు ఉంటే నేనైతే దీని మీద చర్చ కూడా పెట్టను.

ఇక మూడోది, మీ చికెన్-అన్నం.

ఉడికించి పెడుతున్నారు కాబట్టి బాక్టీరియా భయం లేదు, కుక్క ఇష్టంగా తింటోంది, బొచ్చు మెరుస్తోంది, విరేచనం సాఫీగా అవుతోంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. మీ 11 కిలోల కుక్కకి రోజుకి సుమారు 600 కేలరీలు కావాలి, అంత తిండిలో కాల్షియం కనీసం 600 మిల్లీగ్రాములైనా ఉండాలి. ఎముక తీసేసిన చికెన్, అన్నం, క్యారెట్ కలిపితే అందులో 100 మిల్లీగ్రాములు దాటడం కష్టం. ఫాస్ఫరస్ మాత్రం మాంసంలో దండిగా ఉంటుంది, కాల్షియం కన్నా పదిహేను రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఉండాల్సిందేమో కాల్షియం ఫాస్ఫరస్‌కి సమానంగా, లేదా కాస్త పైన. ఈ తేడా వచ్చినప్పుడు రక్తంలో కాల్షియం పడిపోకుండా మెడ దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు పనిలోకి దిగుతాయి, బయటి నుంచి రాని కాల్షియాన్ని ఎముకల్లోంచి తవ్వి తీస్తాయి. దేంట్లోంచి ముందు తీస్తాయో తెలుసా? దవడ. పళ్ళని పట్టుకుని ఉన్న ఆ ఎముకే. ఇది ముదిరితే దవడ మెత్తబడి వంగుతుంది, పళ్ళు కదులుతాయి, రబ్బరు దవడ అని దీనికి పేరే ఉంది. పళ్ళ కోసం తిండి మార్చారు మీరు, ఆ తిండేమో పళ్ళ కింది ఎముకని తినేస్తుంది. ఇందుకే ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు టెన్షన్ వచ్చింది.

కంగారు పడకండి, ఆరేళ్ళ కుక్కలో ఇది నెమ్మదిగా జరిగే పని, తిండి సరిచేస్తే ఆగుతుంది. ఇదే గిన్నె ఎదిగే కుక్కపిల్లకి పెట్టుంటే మాత్రం కథ వేరే, వాటికి వారాల్లోనే కాళ్ళు వంగిపోతాయి, గెంతితే ఎముక విరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నాలుగు నెలలుగా ఏం పెడుతున్నారో దాచకుండా చెప్పండి, ఎక్స్‌రే చూసేటప్పుడు దవడ ఎముక గట్టితనం కూడా చూస్తారు.

కాల్షియం కలిపేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ, కోలిన్, చేప నూనెల్లో దొరికే కొవ్వులు, ఇవన్నీ ఆ గిన్నెలో తక్కువే. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్ళు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 ఇంటి వంటకాల్ని లెక్కగట్టి చూశారు. వాటిలో నూటికి 95 వంటకాల్లో ఏదో ఒక అత్యవసర పోషకం తక్కువైంది, నూటికి 83 పైగా వాటిలో ఒకటి కన్నా ఎక్కువే తక్కువయ్యాయి. పశువైద్యులు రాసినవీ ఆ 200లో చాలా ఉన్నాయి, అది గుర్తుంచుకోండి. రోజుకో వంటకం మారుస్తూ పెడితే సర్దుకుంటుంది కదా అంటారు, దాన్నీ చూశారు వాళ్ళు, చాలా వంటకాల్లో తక్కువైనవి అవే పోషకాలు కాబట్టి మార్చినా లోటు లోటే.

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఎదిగిన (అడల్ట్) కుక్కలకి సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న ప్యాకెట్ తిండికి తిరిగి వెళ్ళిపోవడం, వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా మారుస్తూ. చికెన్ ముక్క అంటే దానికి ప్రాణం అయితే పెట్టండి, రోజు కేలరీల్లో పదో వంతు దాటకుండా. రెండోది, ఇంటి వంటే కావాలంటే పశు పోషణ నిపుణులతో మీ కుక్క బరువుకి, వయసుకి, రక్తపరీక్షలకి సరిపడేలా వంటకం రాయించుకోవడం. అందులో మాంసం ఎన్ని గ్రాములు, నూనె ఎన్ని గ్రాములు, విటమిన్-ఖనిజాల పొడి ఎంత అని ఉంటుంది. దాన్ని కాటాలో తూచి అచ్చంగా అలాగే చేయాలి. ఆ నూనె లేదు కదా అని ఈ నూనె, ఆ పొడి అయిపోయింది కదా అని వారం మానేయడం, ఇవి మొదలైతే రాయించుకున్న కాగితం దండగ. నేను రెండోది ఏడాదిన్నర చేశాను, కుదురుతుంది, కానీ ఓపిక కావాలి, ఇంట్లో పసిపాపతో మీకు అంత తీరిక ఉంటుందా అనేది మీరే చూసుకోండి. నా సలహా అడిగితే మొదటి దారే.

ఈలోగా సొంత వైద్యాలు వద్దు. కోడిగుడ్డు పెంకు పొడి చేసి కలపమని ఎవరో ఒకరు చెప్తారు. ఒక టీస్పూను పొడిలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, మీ కుక్కకి అది మూడు రోజుల కోటా, రోజూ అంతా వేసేస్తే ఇంకో తంటా. లివర్ మంచిదని రోజూ గిన్నెడు పెడితే విటమిన్ ఎ ఎక్కువై ఎముకలకే చేటు, కాడ్ లివర్ నూనె ధారగా పోస్తే విటమిన్ డి ఎక్కువై కిడ్నీలకి చేటు. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ పడకూడదు, ఉడికించినా, పొడైనా, కుక్కల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ గురించి మీకు తెలిసే ఉంటుంది.

ప్యాకెట్ తిండి కరకరలాడుతుంది కాబట్టి పళ్ళు శుభ్రం చేస్తుందనే మాట కూడా నమ్మకండి, అటువైపు వాళ్ళు చెప్పే అబద్ధం అది. మామూలు గుళిక పంటి మొన తగలగానే పగిలిపోతుంది, చిగురు దాకా రాదు. బిస్కెట్ తిని మనం పళ్ళు తోముకున్నట్టు అనుకోవడమే. పళ్ళ కోసం ప్రత్యేకంగా చేసిన ఆహారాలు ఉన్నాయి, వాటి గుళిక పెద్దగా ఉండి లోపల పీచు ఒక వరసలో ఉంటుంది, పన్ను దిగేటప్పుడు పగలకుండా చుట్టూ తుడుచుకుంటూ పోతుంది. ఏది పనిచేస్తుందో ఏది ఉత్త ప్రచారమో తేల్చుకోవడానికి వీఓహెచ్‌సీ అనే ముద్ర చూడండి. 1997లో మొదలైన పశు నోటి ఆరోగ్య మండలి వాళ్ళది అది, పరీక్షల ఫలితాలు చూపించినవాటికే ముద్ర ఇస్తుంది, వాళ్ళ జాబితా ఇంటర్నెట్లో ఎవరైనా చూసుకోవచ్చు. నీళ్ళలో కలిపే మందులు, నమిలే పుల్లలు, పొడులు ఏవి కొన్నా ముందు ఆ జాబితాలో వెతకండి.

చివరికి మిగిలేది బ్రషే. ఇప్పుడే మొదలుపెట్టకండి, చిగుళ్ళు పుండుగా ఉన్నప్పుడు బ్రష్ పెడితే అది నొప్పినీ బ్రష్‌నీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత జన్మలో నోరు ముట్టుకోనివ్వదు. శుభ్రం చేయించి, చిగుళ్ళు మానాక, డాక్టరు సరే అన్నాక మొదలుపెట్టండి. మొదటి వారం బ్రష్ ఊసే వద్దు, రోజూ ఒకే వేళకి పక్కన కూర్చుని పెదవి ఎత్తండి, దించండి, ఇష్టమైనదేదో చిన్న ముక్క ఇవ్వండి, అంతే. రెండో వారం వేలికి తడిగుడ్డ చుట్టుకుని కోర నుంచి వెనక్కి ఒకసారి తుడవండి. మూడో వారం కుక్కల పేస్టు వేలి మీద నాకించి, తర్వాత చిన్నపిల్లల మెత్తటి బ్రష్ మీద నాకించి, అప్పుడు పెదవి కిందకి జార్చండి. నోరు తెరవాల్సిన పనిలేదు, బయటివైపు తోమితే చాలు, లోపలివైపుని నాలుక చాలావరకు చూసుకుంటుంది. కుచ్చు చిగురు అంచుకి ఏటవాలుగా ఆనాలి, చిన్న చిన్న సున్నాలు చుట్టాలి, ఒక్కో వైపు అర నిమిషం. ఆ వెనక పెద్ద పన్ను దగ్గర ఇంకో నాలుగు సున్నాలు ఎక్కువ. రోజూ చేయండి, మరీ కుదరకపోతే రోజు విడిచి రోజు, అంతకన్నా తగ్గితే పెద్దగా లాభం లేదు. మన పేస్టు వాడకూడదు, కుక్క ఉమ్మదు, మింగేస్తుంది, అందులో నురగా ఫ్లోరైడూ ఉంటాయి, కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కుక్క రక్తంలో చక్కెరని అరగంటలోనే పడగొట్టేయగలదు, లివర్నీ దెబ్బతీస్తుంది.

ఒకవేళ డాక్టరు రెండు మూడు పళ్ళు తీసేయాలంటే బాధపడకండి, తీసేయనివ్వండి. నొప్పి పెట్టే పన్ను ఉన్న కుక్క కన్నా పళ్ళు లేని కుక్క హాయిగా తింటుంది, మెత్తటివి కొన్నాళ్ళు పెడితే చాలు. మత్తు ఇచ్చే రోజు పొద్దున తిండి పెట్టకుండా తీసుకెళ్ళమంటారు, ఎన్ని గంటల ముందు ఆపాలో, నీళ్ళ సంగతేంటో ముందురోజే ఫోన్ చేసి అడిగి ఇంట్లో అందరికీ చెప్పండి, ఎవరో ఒకరు జాలిపడి బిస్కెట్ వేసేస్తారు.

వాకింగ్‌లో ఆయన మళ్ళీ కలిస్తే వాదించకండి, నేనూ అలాంటివాణ్ణే కాబట్టి చెప్తున్నా, వాదిస్తే ఇంకా బిగుసుకుంటాడు. ఆయన కుక్క పై పెదవిని ఒకసారి బాగా వెనక్కి ఎత్తి చూపించమనండి, ముత్యాల్లాంటి ఆ ముందు పళ్ళు దాటి, ఆ పెద్ద పన్ను దాకా. దాని పక్కన పలక ఊడిన గీత ఏమైనా కనిపిస్తే, మీ డాక్టరు నంబరు ఇవ్వండి.